గోపాల్‌పూర్: కొన్నేళ్ళ తర్వాత అదే హోటల్

బుధవారం

బరంపురం స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. పలాస నుంచి ఎడం వైపు కిటికీలో మహేంద్రగిరి చాలాసేపు మాతోపాటే వచ్చింది. 1,501 మీటర్ల కొండ, ఏప్రిల్ ఎండ మసకలో అంచు మాత్రమే కనిపించింది. ఇచ్ఛాపురంతో ఆంధ్రా అయిపోయినా మా పెట్టెలో మాటలేమీ మారలేదు. ఎదురు సీట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక వాక్యం ఒడియాలో, ఒక వాక్యం తెలుగులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. వి.వి. గిరి గారు పుట్టింది బరంపురంలోనే. స్టేషన్ బయట ఆటో అబ్బాయి మా మొహాలు చూసి నేరుగా తెలుగులోనే బేరం మొదలుపెట్టాడు.

గోపాల్‌పూర్‌కి మేం కొన్నేళ్ళ కిందట వచ్చాం. మళ్ళీ వెళ్దామని ప్రతి వేసవిలో అనుకోవడం, ఏదో ఒకటి అడ్డం రావడం. అబ్బాయి చదువు, తర్వాత కోవిడ్, ఆ తర్వాత మామయ్య గారు మంచాన పడటం, పోవడం. ఈసారి ప్రయాణం పెట్టించింది మా అత్తయ్య. "మీరు చెప్తుంటారే, ఆ సముద్రం పక్క హోటల్, నన్నూ అక్కడికి తీసుకెళ్ళండి" అన్నారు. ఆవిడ నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం నేను ఎరగను. అందుకే మా ఆయన ఆ సాయంత్రమే టిక్కెట్లు తీసేశారు.

ఊళ్ళోకి ఆటో పదిహేను కిలోమీటర్ల పైనే. చివరి మలుపు తిరిగేటప్పుడు నాకు కాస్త గుబులుగానే ఉంది. సముద్రం ఒడ్డున ఏదైనా నాలుగేళ్ళు కళ్ళు మూసుకుంటే మారిపోయే రోజులివి. నియాన్ దీపాల రిసార్టు లేచి ఉంటుందా, రోడ్డు వెడల్పు చేస్తూ ఆ సరుగుడు చెట్లు కొట్టేసి ఉంటారా అని. లైట్ హౌస్ దాటి దక్షిణం వైపు సన్నటి దారిలోకి తిరిగాం. హోటల్ అక్కడే ఉంది. అవే రెండు అంతస్తులు, అదే పొడుగాటి వరండా. పసుపు సున్నం పోయి తెల్ల రంగు వచ్చింది, అంతే.

మేనేజరు గారు ఒడియా ఆయన, తెలుగు ధారాళంగా మాట్లాడతారు. జుట్టు పూర్తిగా నెరిసింది. రిజిస్టర్లో మా ఆయన పేరు రాస్తుండగా తలెత్తి, "పై అంతస్తు, మూల గది కదా సార్? బాబు గవ్వలన్నీ ఏరి బాత్రూంలో పోసేవాడు" అన్నారు. నాకు ఒక్కసారిగా కళ్ళు చెమర్చాయి. ఆ బాబు ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు.

ఆయన అదే మూల గది ఇచ్చారు, అత్తయ్యకి దాని కింద గది. మంచం మార్చారు, పరుపు బాగుంది. కిటికీ గొళ్ళేలకు ఇనుము తీసేసి ఇత్తడి వేయించారు. ఇక్కడ ఇనుము బతకదట. ఉప్పుగాలి తలుపు బందుల దగ్గర మొదలుపెట్టి గ్రిల్సు, ఫ్యాను రెక్కలు, కుళాయి మరలు అన్నీ తినేస్తుంది. ఏసీ బయట పెట్టే డబ్బా ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఇక్కడ ఉండదు. వరండా చివర ఒక గ్రిల్ చూపించారు, పైకి రంగు నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే లోపల పొరలు పొరలుగా కరకరమంది. "ఏడాదికి రెండు సార్లు రంగు వేయకపోతే ఈ బిల్డింగ్ ఉండదమ్మా" అన్నారు. మనం వచ్చి రెండు రోజులు కాళ్ళు చాపుకుని వెళ్ళిపోయే చోటుని నిలబెట్టడానికి ఒకాయన ఇన్నేళ్ళుగా గొళ్ళెం గొళ్ళెం మారుస్తున్నాడన్న సంగతి ఆ గ్రిల్ ముట్టుకున్నాక గానీ నాకు తట్టలేదు.

గురువారం

క్రితం సారి వచ్చినప్పుడు రోజూ ఎండ ఎక్కాక లేచేవాళ్ళం. ఖాళీ ఇసుక, బోర్లించిన పడవలు, ఎవరూ లేని సముద్రం. ఇంత ప్రశాంతమైన ఊరు ఉంటుందా అనుకుంటూ ఇంటికి వెళ్ళాం. ఈసారి అత్తయ్య పుణ్యమా అని తెల్లారగట్ల నాలుగున్నరకే నిద్ర లేచాం. ఆవిడకి ఎక్కడున్నా అదే వేళ. చీకట్లో చెప్పులు చేత్తో పట్టుకుని ముగ్గురం ఇసుకలోకి దిగాం.

ఒడ్డంతా జనం! లైట్ హౌస్ దిగువన పల్లె మొత్తం అక్కడే ఉంది. ఆడవాళ్ళు అల్యూమినియం బేసిన్లు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. ఐసు దంచుతున్న చప్పుడు, థర్మోకోల్ పెట్టెలు, సైకిళ్ళ మీద వచ్చిన బేరగాళ్ళు. మాటలన్నీ తెలుగే. ఇక్కడి జాలర్లను ఒడియా వాళ్ళు నోలియాలు అంటారు గానీ ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాల కిందట వేట కోసం వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు. ఒకావిడ మా అత్తయ్యని చూసి, "ఎక్కడోళ్ళమ్మా మీరు?" అంది. టెక్కలి అని చెప్పగానే, "మా వదినదీ ఆ పక్కే" అంటూ పక్కన చోటిచ్చింది. ఇంకో పావుగంటకి ఇద్దరూ కూతుళ్ళ కాన్పుల దాకా వెళ్ళిపోయారు.

పడవలు ఒడ్డుకి రావడం చూడాలి. గోపాల్‌పూర్ అలలు మంచివి కావు. ఇసుక ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది, అల ఒడ్డు దాకా వచ్చి నిలువునా విరుగుతుంది. అందుకని ఫైబర్ పడవ అలలు విరిగే గీతకి అవతలే ఇంజను తగ్గించి ఆగుతుంది. వెనక నిలబడ్డ మనిషి సముద్రం వైపే చూస్తుంటాడు. రెండు మూడు అలలు వదిలేస్తాడు. ఒక పెద్ద అల వాళ్ళ కిందుగా దాటి ముందుకి వెళ్ళగానే గట్టిగా అరుస్తాడు. ఇంజను రొద పెరుగుతుంది, పడవ ఆ అల వీపు మీదే పరిగెత్తుకొచ్చి ఇసుకలో ముక్కు దూరుస్తుంది. తర్వాతి అల వచ్చేలోగా పదిమంది పట్టుకుని లాగేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. నేను చూస్తుండగా ఒక పడవ కొంచెం వాలింది. ఒడ్డున మాటలన్నీ ఆగిపోయాయి. కుర్రాళ్ళు నడుం లోతు నీళ్ళలోకి దూకి భుజాలు ఆనించి నిలబెట్టాక మళ్ళీ బేరాలు మొదలయ్యాయి.

ఆ పడవలో కవళ్ళు, కానాగంతలు, రెండు కోనాలు. ఇసుక మీదే కుప్ప పోసి వేలంపాట పెట్టారు. ఒకాయన ధర అరుస్తుంటే ఆడవాళ్ళు తల ఊపడమో గడ్డం ఎత్తడమో చేస్తున్నారు. రెండు నిమిషాల్లో కుప్ప బేసిన్లలోకి వెళ్ళిపోయింది.

పక్కనే ఒక పెద్దాయన వల బాగుచేస్తున్నారు. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగించి, ఎడం చేత్తో చిరిగిన కన్ను వెడల్పు చేసి, దారం చుట్టిన ప్లాస్టిక్ పుల్లని అందులోంచి దూర్చి, చుట్టి, ముడి. మళ్ళీ దూర్చి, చుట్టి, ముడి. కన్ను కొలత కోసం వేరే కొలబద్ద ఏమీ లేదు, రెండు వేళ్ళు మడిచి ఆ మందం చూసుకుంటున్నారు. ఆ వేళ్ళ మీద నైలాన్ దారం కోసుకుపోయిన గీతలు లెక్కలేనన్ని. మాట్లాడుతున్నా చేతులు ఆగవు, చూపు వల మీద ఉండదు. ఎలా చిరిగిందండీ అని అడిగితే, "తాబేలమ్మా. ఈ సీజన్లో తప్పదు" అన్నారు. మరి తాబేలు? "వల కోసేసి వదిలేసినాం. శ్రీకూర్మం దేవుడు కదా."

ఆయన చిన్నప్పుడు ఫైబర్ పడవలు లేవు. దుంగలు తాళ్ళతో కట్టిన తెప్పలు, పెద్ద వేటకి కుట్టు పడవలు. పలకలకి అంచుల వెంట కన్నాలు పెట్టి కొబ్బరి తాడుతో కలిపి కుట్టేవారు, ఒక్క మేకు కూడా ఉండేది కాదు. ఈ అలకి మేకు పడవ నిలవదట. అల తెచ్చి ఇసుక మీద కొట్టినప్పుడు బిగుసుకున్న పడవ పగిలిపోతుంది, కుట్టు పడవ కాస్త ఒంగి ఊరుకుంటుంది. అది చెప్తున్నప్పుడు మాత్రం ఆయన చేతులు ఆగాయి. రెండు అరచేతులూ దగ్గర పెట్టి పలకలు ఎలా కదిలేవో చూపించారు.

ఏడున్నరయ్యేసరికి అక్కడ ఎవరూ లేరు. నాలుగు కాకులు, తడి ఇసుక మీద పొలుసుల మెరుపు. ఎనిమిదింటికి మా హోటల్లో దిగిన ఒక జంట కాఫీ కప్పులతో వరండాలోకి వచ్చి, "ఎంత ప్రశాంతంగా ఉందో కదా" అనుకున్నారు. క్రితం సారి మేమూ అదే మాట అన్నాం. అది అబద్ధమేమీ కాదు. కానీ ఆ ప్రశాంతత అతిథుల వాటాకి వచ్చింది మాత్రమే. ఆ ఒడ్డు రాత్రంతా పని చేసి పడుకుంది. ఆ సంగతి తెలిశాక ఈ చోటు నాకు ఇంకా దగ్గరైంది.

మధ్యాహ్నం వంటాయన అత్తయ్య కోసం పఖాళ పెట్టారు. పులిసిన నీళ్ళన్నం, పక్కన వేయించిన చిన్న చేపలు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. ఆవిడ మొదటి ముద్దకే, "మా అమ్మ తరవాణి" అని ఇంకేం మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేశారు.

శుక్రవారం

పగలంతా ఎండ, ఉక్కపోత. మా ఆయన నిద్రపోయారు, నేను చదువుకున్నాను. సాయంత్రం గాలి తిరిగాక అత్తయ్యని పాత రేవు దగ్గరికి తీసుకెళ్ళాం.

ఇప్పుడు అక్కడ మిగిలింది నీళ్ళలో కొన్ని జెట్టీ స్తంభాలు, ఒడ్డున కొన్ని మొండి గోడలు. ఒకప్పుడు అవి సరుకు గిడ్డంగులు. ఇక్కడి నుంచి రంగూన్‌కి ఓడలు నడిచేవి. బియ్యం, తోళ్ళు, కలప, అన్నిటికన్నా ఎక్కువగా మనుషులు. గంజాం నుంచి, మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి కూలి పనికి రంగం (రంగూన్‌ని మన వైపు అలానే అనేవారు) వెళ్ళినవాళ్ళు వేలకి వేలు. కొందరు కళింగపట్నంలో, కొందరు భీమిలిలో, కొందరు గోపాల్‌పూర్‌లో ఓడ ఎక్కేవారు. వరి మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని వచ్చి పొలం కొనుక్కోవాలని ఆశ. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఓడలు పోయాక రేవు పోయింది, రేవుతోపాటు ఊరి వ్యాపారమూ పోయింది. ఇంత మంచి తీరం ఇన్నాళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండిపోవడానికి అసలు కారణం అదే.

అత్తయ్య చాలాసేపు ఆ స్తంభాల వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఉన్నట్టుండి, "మా తాత ఇక్కడే ఓడెక్కాడంటమ్మా" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన కూడా ఆ మాట వినలేదట. నెమ్మదిగా చెప్పారు. ఆవిడ తాత, వాళ్ళ నాన్నగారి నాన్న, కరువు ఏడు రంగం వెళ్ళాడు. ఓడ దూరంగా ఆగితే కుట్టు పడవలో కూర్చోబెట్టి అలలు దాటించారు. ఆ కొంచెం దూరానికే భయపడినంత, తర్వాత నడి సముద్రంలో కూడా భయపడలేదని ఆయన చెప్పేవాడట. రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మూడోసారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. యుద్ధంలో బర్మా నుంచి కాలినడకన బయల్దేరిన గుంపుల్లో ఉన్నాడని ఎవరో వచ్చి చెప్పారు, అంతకుమించి ఏమీ తెలియలేదు. ఇంట్లో ఆయన ఫోటో లేదు. ఆయన తెచ్చిన ఒక లక్క డబ్బా ఉండేది, అదీ పోయింది. "మా నాయనమ్మ చచ్చేదాకా బొట్టు తియ్యలేదు. రాలేదు గానీ పోయాడని ఎవరు చూశారు అనేది" అన్నారు.

ఈ హోటల్ గురించి మేం చెప్పినప్పుడల్లా ఆవిడ ఊరికే వింటున్నారని అనుకునేవాళ్ళం. ఆవిడ మనసులో ఉన్నది ఈ రేవు.

మా ఆయన లైట్ హౌస్ ఎక్కొద్దామన్నారు. అత్తయ్య కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నారు, మేమిద్దరం వెళ్ళాం. పైనుంచి ఉత్తరం వైపు కొత్త ఓడరేవు, దాని రాతికట్టలు సముద్రంలోకి చాచి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది. దక్షిణం వైపు సరుగుడు తోటలు. క్రితం సారి మేం వచ్చేసరికి ఫైలిన్ గాయాలు పచ్చిగానే ఉన్నాయి. 2013 అక్టోబర్ 12 రాత్రి, దసరా రోజుల్లో, ఆ తుఫాను తీరం దాటింది సరిగ్గా ఈ గోపాల్‌పూర్ దగ్గరే. గంటకి 200 కిలోమీటర్ల గాలి. సరుగుడు మానులన్నీ ఒకే ఎత్తులో, ఒకే దిక్కుకి విరిగి ఉండటం మాకు బాగా గుర్తు. ఇప్పుడు ఆ చోటంతా కొత్త తోట, మనిషికి రెండింతలు పైగా ఎదిగింది. ఆ రాత్రి దాదాపు పది లక్షల మందిని ముందే తీర గ్రామాల నుంచి తరలించారు. 1999 తుఫానులో ఒడిశాలో పది వేల మంది దాకా పోతే, ఫైలిన్‌లో ఆ సంఖ్య పదుల్లో ఆగింది. మేనేజరు గారు ఆ రాత్రి హోటల్ వదిలి బరంపురంలో స్కూలు గదిలో ఉన్నారట. మర్నాడు వచ్చి చూస్తే పై అంతస్తు కిటికీ ఒక్కటి కూడా లేదు, గదుల్లో మోకాలి ఎత్తు ఇసుక. "ఇసుక ఎత్తిపోయడానికి మా పల్లె వాళ్ళే వచ్చారమ్మా, వాళ్ళ ఇళ్ళే లేవు అప్పుడు" అని మాత్రం అన్నారు.

శనివారం

అర్ధరాత్రి దాటాక రెండున్నరకి జీపు ఎక్కాం. అత్తయ్య రానన్నారు.

రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ గోపాల్‌పూర్‌కి ఉత్తరాన. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెట్టే చోట్లలో ఇదొకటి. ఇక్కడ అలా జరుగుతోందని శాస్త్రవేత్తలు గుర్తించింది 1994లో. పల్లె జనానికి మాత్రం అంతకు ముందు నుంచే తెలుసు. 2025 ఫిబ్రవరిలో కొద్ది రోజుల్లోనే దాదాపు ఏడు లక్షల తాబేళ్ళు వచ్చాయి. ఒక్కోటి నూరు గుడ్ల పైచిలుకు పెడుతుంది. నలభై అయిదు రోజులు, కాస్త అటూ ఇటూగా ఇసుకే వాటిని పొదుగుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలు. ఏప్రిల్లో పిల్లలు బయటికి వస్తాయి.

అటవీ శాఖ వాళ్ళు ఒడ్డు పొడుగునా మోకాలి ఎత్తు వల కట్టారు. దాని ఇవతల టార్చి వెయ్యకూడదు, ఫోన్ తీయకూడదు. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే వల కింద ఇసుక కదులుతోంది. అరచేతిలో పట్టేంత పిల్లలు, నల్లగా, ముందు రెక్కలు పెట్టి పాకుతూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, ఆగి రొప్పుతూ. ఊళ్ళోని కుర్రాళ్ళు వాటిని బకెట్లలోకి ఎత్తి నీళ్ళ దగ్గర వదులుతున్నారు. మరి వల ఎందుకంటే, వెలుతురు వల్ల. పుట్టిన పిల్ల ఎటు ఎక్కువ వెలుగుంటే అటు పోతుంది. కరెంటు లేని రోజుల్లో అది ఎప్పుడూ సముద్రమే, నక్షత్రాల వెలుగుకే నీళ్ళు మెరుస్తాయి కాబట్టి. ఇప్పుడు రోడ్డు దీపాలు, రేవు దీపాలు వెనక నుంచి పిలుస్తాయి. అటు వెళ్ళినవి కుక్కల నోట్లోనో, తెల్లారాక కాకుల నోట్లోనో పడతాయి, లేదా ఎండకి ఎండిపోతాయి. మా హోటల్లో రాత్రి తొమ్మిదికల్లా సముద్రం వైపు దీపాలు ఎందుకు ఆర్పేస్తున్నారో అప్పుడు అర్థమైంది. ఇదివరకు ఈ నియమం లేదు.

ఒక అబ్బాయి నా ముందు బకెట్ వంచాడు. తడి ఇసుక తగలగానే వాటి నడక మారిపోయింది. అప్పటిదాకా తడబడుతున్నవి తిన్నగా పరుగు అందుకున్నాయి. అల వచ్చి అన్నిటినీ వెనక్కి తోసేసింది. వెల్లకిలా పడ్డవి రెక్కలు కొట్టుకుని తిరగబడ్డాయి, మళ్ళీ పరుగు. రెండో అలకి సగం పోయాయి. ఒకటి మాత్రం నా మడమ పక్కనే ఆగిపోయింది. ముట్టుకోకండి అని ఆ అబ్బాయి మెల్లగా చెప్పాడు. వీపు మీద ఇసుక రేణువులు, కంటి చుట్టూ తడి. అది కదిలేదాకా నేను ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. చివరికి మూడో అల తీసుకెళ్ళింది.

ఈ పిల్లల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ చుట్టూ 20 కిలోమీటర్ల మేర ట్రాలర్లు, అంటే పెద్ద వల ఈడ్చుకెళ్ళే మర పడవలు, వేట చేయకూడదు. తాబేలు గాలి కోసం పైకి రావాలి, ట్రాల్ వలలో గంటల తరబడి ఇరుక్కుంటే మునిగి చచ్చిపోతుంది. దీనికి తోడు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరమంతా మర పడవల వేట నిషేధం. ఇవి రెండూ అవసరమే, నాకు సందేహం లేదు. కాకపోతే బకెట్ మోసిన ఆ అబ్బాయి తండ్రి ట్రాలర్ మీద కూలికి వెళ్ళే మనిషి. ఏడాదిలో ఇన్ని నెలలు పని లేకుండా కూర్చునేది ఆ ఇల్లే. తాబేళ్ళ గురించి మాట్లాడే ప్రతి చోటా ఆ ఇంటి పేరు కూడా రావాలి.

తెల్లారాక పోడంపేట వైపు వెళ్ళాం. అదీ తెలుగు జాలర్ల పల్లె. ఇప్పుడు పాత ఊరిలో మిగిలినవి కొన్ని గోడలు, సగం తెగిన ఒక గది నేల. సముద్రం ఏటా కొంచెం కొంచెంగా లోపలికి వచ్చి ఇళ్ళు తీసుకుపోయింది, జనం లోపలి కాలనీకి మారిపోయారు. ఈ తీరంలో ఇసుక ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంటుంది. మధ్యలో రాతికట్ట అడ్డం పడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత మొదలవుతుంది. తూర్పు తీరంలో చాలా రేవుల పక్కన జరిగింది అదే. తాబేళ్ళు కూడా గుడ్లు పెట్టేది ఈ ఇసుకలోనే కదా. అది తరిగితే వాటికి ఎన్ని వలలు కట్టి ఏం లాభం?

ఆదివారం

బరంపురం నుంచి కార్లు వచ్చాయి. ఒడ్డంతా ఒంటెలు, గుర్రాలు, మొక్కజొన్న పొత్తులు. సెలవు రోజు మనుషులు సముద్రానికి రాకుండా ఎక్కడికి పోతారు, మంచిదే. కాకపోతే ఇద్దరు కుర్రాళ్ళు నడుం లోతు దాటి వెళ్తుంటే పల్లె మనిషి ఒకాయన ఈల వేసి వెనక్కి పిలిచారు. ఇక్కడ స్నానానికి దిగేవాళ్ళు ఆ మాట వినాలి. వెనక్కి లాగే నీటి పాయలు పైకి కనిపించవు, ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు.

మేం పగలు గదులు వదల్లేదు. అత్తయ్య గురువారం నాటి స్నేహితురాలి ఇంటికి వెళ్ళి సాయంత్రానికి వచ్చారు, చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లంతో. వాళ్ళ ఇంట్లో కూడా ఒక ముత్తాత రంగం వెళ్ళాడట. ఆయన తిరిగొచ్చాడు. తెచ్చిన గొడుగు చాలా ఏళ్ళు ఉండేదని చెప్పారట.

సోమవారం

మధ్యాహ్నం బండి. పొద్దున్నే మరోసారి పడవల దగ్గరికి వెళ్ళాం. వల బాగుచేసే పెద్దాయన కనపడలేదు, వేటకి వెళ్ళారన్నారు. ఆ వయసులో!

మేనేజరు గారు బిల్లు రాసి, కింద గదికి ఒక రోజు డబ్బు తీసుకోనన్నారు. "పెద్దమ్మగారు మా ఊరి మనిషే" అన్నారు. అత్తయ్య చెప్పి ఉంటారు. మా ఆయన ఎంత చెప్పినా వినలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నా మాటగా రెండు సంగతులు. శని, ఆదివారాలు వదిలేసి రండి. పై అంతస్తు గది అడగండి, కానీ రాత్రి వరండా దీపం వెయ్యమని మాత్రం అడగకండి.

రైలు ఇచ్ఛాపురం దాటకముందే అత్తయ్య ఫోన్ తీశారు. ముందు పెద్ద తమ్ముడికి, తర్వాత చిన్న తమ్ముడికి. ఇద్దరికీ ఒకే మాట: తాత ఓడెక్కిన చోటు ఉంది, రాళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి, మీరూ చూడాలి. డిసెంబర్లో అయితే ఎండ ఉండదని ఆవిడ, ఫిబ్రవరి అయితే తాబేళ్ళు వస్తాయని నేను. సోంపేట దాకా వాదించుకుని చివరికి ఫిబ్రవరికి ఒప్పుకున్నారు. మా ఆయన అప్పుడే మేనేజరు గారికి ఫోన్ కలిపి నాలుగు గదులు చెప్పేశారు, ఒకటి పైన మూల గది.